ఆరంగుళాల సంగతి: పూల్ షాఫ్ట్‌ని సన్నం చేయించే ముందు

పూల్ ఆడడానికి సొంత స్టిక్ కొనుక్కున్న కొన్ని నెలలకి చాలామందికి ఒకటే ఆలోచన వస్తుంది. షాఫ్ట్, అంటే స్టిక్ ముందు సగం, కొంచెం లావుగా ఉంది, సన్నం చేయిస్తే సైడ్ (బాల్‌ని పక్కన కొట్టి తిప్పడం) బాగా పడుతుంది కదా అని. నెల్లూరులో అయినా ఒంగోలులో అయినా పార్లర్‌లో ఈ మాట ఎత్తితే చాలు, పక్క టేబుల్ నుంచి కూడా సలహాలు వచ్చేస్తాయి. ఒకరు ఉప్పు కాగితం పట్టమంటారు, ఒకరు కొసన ఉండే తోలు టిప్ మార్చమంటారు, ఇంకొకరు లేత్ షాపులో ఇస్తే పావుగంటలో అయిపోతుందంటారు. ఈ సలహాలన్నిట్లోనూ ఎంతో కొంత నిజం ఉంది. అయితే షాఫ్ట్‌లో ఏది మారితే ఆటలో ఏది మారుతుందో తెలియకుండా కర్రని అరగదీస్తే, పోయిన చెక్క మళ్ళీ రాదు. టిప్ నచ్చకపోతే ఇంకోటి అతికించుకోవచ్చు, 13 మిల్లీమీటర్ల షాఫ్ట్‌ని 12 చేశాక మళ్ళీ 13 చేసేవాళ్ళు ఎక్కడా లేరు.

ముందు అసలు విషయం చూద్దాం. వైట్ బాల్‌ని సరిగ్గా మధ్యలో కొడితే, స్టిక్ ఎటు చూస్తుంటే బాల్ అటే వెళ్తుంది. అక్కడ షాఫ్ట్ ఏ రకమైనా పెద్ద తేడా ఉండదు. కుడివైపు కొట్టినప్పుడే కథ మొదలవుతుంది. బాల్ మీద కుడిపక్క తగిలిన టిప్, బాల్ తిరగడం మొదలవగానే దాంతో పాటు కుడికి లాక్కుపోబడుతుంది. టిప్ వెనకాల ఉన్న చెక్క కూడా కుడికి జరగాలి. ఆ చెక్కకి బరువుంది కాబట్టి అది అంత తేలిగ్గా జరగదు, ఎదురు తన్నుతుంది, ఆ తన్నుకి బాల్ ఎడమకి పోతుంది. మనం నేరుగా గురిపెట్టినా బాల్ గీత తప్పడానికి కారణం ఇదే. దీన్నే మన దగ్గర డిఫ్లెక్షన్ అంటారు.

ఎంత తప్పుతుంది? ఒక డిగ్రీ పక్కకి పోతే మీటరు దూరంలో దాదాపు 1.7 సెంటీమీటర్ల తేడా. మామూలు మేపుల్ షాఫ్ట్‌తో గట్టిగా సైడ్ పెడితే రెండు డిగ్రీల దాకా పోవడం మామూలే, అంటే రెండు మీటర్ల అవతల ఏడు సెంటీమీటర్లు. పూల్ బాల్ వ్యాసమే 57 మిల్లీమీటర్లు! అంటే టేబుల్ ఈ చివర నుంచి ఆ చివర ఉన్న బాల్‌ని సైడ్‌తో కొడుతూ ఈ లెక్క వేసుకోకపోతే బాల్‌కి నిండుగా తగలాల్సిన దెబ్బ అసలు తగలకుండానే పోవచ్చు. బాగా ఆడేవాళ్ళు దీన్ని కళ్ళతో, చేతితో ఏళ్ళ తరబడి సర్దుకుంటారు, చాలామందికి తాము సర్దుకుంటున్నామన్న సంగతి కూడా తెలియదు.

ఇప్పుడు చాలామంది పొరపాటు పడే చోటుకి వద్దాం. షాఫ్ట్ వంగుతుంది కాబట్టే బాల్ పక్కకి పోతుంది, గట్టి షాఫ్ట్ అయితే పోదు అని ఒక నమ్మకం ఉంది. వినడానికి బాగుంటుంది గానీ ఇది సరి కాదు. టిప్‌కీ బాల్‌కీ మధ్య తాకిడి సెకనులో వెయ్యో వంతు, కొంచెం అటూ ఇటూ. అంత తక్కువ సమయంలో టిప్ దగ్గర పుట్టిన పక్క కుదుపు షాఫ్ట్ మొత్తం పాకలేదు, ముందున్న కొన్ని అంగుళాల దాకానే వెళ్తుంది. ఈలోపు బాల్ వెళ్ళిపోయింది. వెనక మిగిలిన కర్ర, జాయింట్, వెనక చేత్తో పట్టుకునే బట్, అందులోని వెయిట్ బోల్ట్ వీటికి ఈ విషయంతో దాదాపు సంబంధం లేదు. లెక్కలోకి వచ్చేది ముందున్న ఆరంగుళాల బరువు, అందులోనూ కొసకి ఎంత దగ్గరగా ఉంటే అంత ఎక్కువగా. ఫిజిక్స్ వైపు నుంచి రాన్ షెపర్డ్, కొలరాడోలో మెకానికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్‌గా పనిచేసిన డేవిడ్ ఆల్సియాటోర్ దీని మీద వివరంగా రాశారు. కంపెనీలు కూడా ఇదే పట్టుకున్నాయి. ప్రిడేటర్ అనే కంపెనీ 1990లలో తెచ్చిన 314 షాఫ్ట్‌లో ముందు భాగం లోపల బోలుగా చేసి బరువు తగ్గించారు, 2016లో వచ్చిన రెవో అయితే కార్బన్ ఫైబర్ గొట్టమే. కార్బన్ షాఫ్ట్ చేత్తో వంచి చూడండి, చెక్క కంటే గట్టిగానే ఉంటుంది, అయినా డిఫ్లెక్షన్ తక్కువ. ఎందుకంటే ముందు భాగం తేలిక.

దీన్ని నమ్మాలంటే ఎవరి మాటా వినక్కర్లేదు, కర్రకి గీత కూడా పడకుండా ఇంట్లోనో పార్లర్‌లోనో చేసి చూసుకోవచ్చు. ఎలక్ట్రికల్ షాపులో దొరికే సోల్డరింగ్ తీగ ఐదు గ్రాముల ముక్క తీసుకుని షాఫ్ట్ మీద టిప్‌కి మూడు అంగుళాల వెనక బిగుతుగా చుట్టి, పైన ఇన్సులేషన్ టేప్ వేయండి. టేబుల్ పొడవునా ఒక సూటి గీత అనుకుని, అవతలి కుషన్ దగ్గర ఆ గీత మీద ఒక బాల్ పెట్టి, వైట్‌ని కుడి సైడ్‌తో, స్టిక్‌ని వీలైనంత నేలబారుగా ఉంచి, కొంచెం వేగంగా కొట్టండి. నెమ్మదిగా కొడితే బాల్ దారిలో మళ్ళీ వంపు తిరిగి లెక్క చెడగొడుతుంది, అందుకే వేగం. ఒక పది షాట్లు కొట్టి వైట్ ఎక్కడ తగులుతుందో గుర్తు పెట్టుకోండి. తర్వాత తీగ విప్పేసి పది, మళ్ళీ అదే తీగని టిప్‌కి పన్నెండు అంగుళాల వెనక చుట్టి పది. వంతెన చెయ్యి (షాఫ్ట్‌ని ఆనించే ముందు చెయ్యి) వేయడానికి తీగ అడ్డొస్తుంది కాబట్టి చెయ్యి దాని వెనకో ముందో పెట్టుకోవాలి. ముందు చుట్టినప్పుడు బాల్ ఎక్కువ పక్కకి పోవడం, వెనక చుట్టినప్పుడు తేడా దాదాపు తెలియకపోవడం కళ్ళకే కనిపిస్తుంది. షాఫ్ట్ మార్చాలనుకునే ప్రతివాళ్ళూ డబ్బు ఖర్చు పెట్టే ముందు ఈ అరగంట పెడితే చాలా షాఫ్ట్‌లు బతుకుతాయి.

సరే, ముందు భాగం బరువు తగ్గించాలి. ఎలా?

అందరికీ తోచేది వ్యాసం తగ్గించడం. ఇక్కడ చిన్న లెక్క ఒకటి ఉంది, ఈ మొత్తం విషయంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. నిండు గుండ్రటి కర్ర బరువు వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది, వంగకుండా నిలిచే బిగువు మాత్రం వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. 13 మిల్లీమీటర్ల షాఫ్ట్‌ని 12కి దించితే బరువు 15 శాతం తగ్గుతుంది, బిగువు 27 శాతం తగ్గుతుంది. మేపుల్ చెక్క ఘన సెంటీమీటరుకి సుమారు 0.7 గ్రాములు అనుకుంటే ముందు ఆరంగుళాల బరువు 14 గ్రాముల దగ్గర నుంచి 12కి దిగుతుంది. రెండు గ్రాముల కోసం నాలుగో వంతు పైగా బిగువు పోయింది. చేతికి ఆ తేడా బాగా తెలుస్తుంది. షాట్ కొట్టగానే కొస ఊగుతుంది, శబ్దం మారుతుంది, బ్రేక్ (ఆట మొదట్లో బాల్స్‌ని చెదరగొట్టే గట్టి దెబ్బ) కొట్టేటప్పుడు మెత్తగా అనిపిస్తుంది. ఊగడం నచ్చేవాళ్ళు ఉన్నారు, అది తప్పేం కాదు. కానీ డిఫ్లెక్షన్ తగ్గిందని సంతోషపడేవాళ్ళు అది ఊగడం వల్ల వచ్చిందనుకుంటారు, వచ్చింది ఆ రెండు గ్రాముల వల్ల.

ఇప్పుడు దీని పక్కన ఇంకో పద్ధతి పెట్టి చూడండి. అదే 13 మిల్లీమీటర్ల షాఫ్ట్‌కి బయట ముట్టుకోకుండా, కొస నుంచి లోపలికి 6 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే, రంధ్రం ఉన్నంత మేర బరువు 21 శాతం తగ్గుతుంది, బిగువు తగ్గేది ఐదు శాతం లోపే. బిగువంతా బయటి పొరలోనే ఉంటుంది, మధ్యలో ఉన్న చెక్క బరువు మోయడం తప్ప పెద్దగా చేసే పని లేదు. వెదురు బొంగు బోలుగా ఉండి కూడా ఎందుకంత గట్టిగా ఉంటుందో, ఇదీ అంతే. కంపెనీలు బోలు షాఫ్ట్‌లు చేయడానికి కారణం ఈ తేడానే.

మరి మనమూ రంధ్రం వేయిద్దామా అంటే, ఇక్కడ ఆగాలి. ఫెర్రూల్ (టిప్ కింద చెక్కకి తొడిగే చిన్న గొట్టం) లోపలికి వెళ్ళే చెక్క మొన సాధారణంగా ఎనిమిది మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. దానిలోంచి ఆరు మిల్లీమీటర్ల రంధ్రం పోతే చుట్టూ మిగిలేది ఒక్క మిల్లీమీటరు గోడ, రెండు బ్రేకులకి పగులుతుంది. నాలుగు మిల్లీమీటర్లు అయితే గోడ రెండు మిల్లీమీటర్లు ఉంటుంది, కానీ అప్పుడు తగ్గే బరువు తొమ్మిది, పది శాతమే. పైగా చెక్క నార వెంట పది, పన్నెండు సెంటీమీటర్లు తిన్నగా డ్రిల్ దింపడం తమాషా కాదు, మామూలు డ్రిల్ బిట్ మెత్తటి జీర దొరికిన వైపుకి జారిపోతుంది. మన దగ్గర లేత్ షాపులు ఎక్కువగా ఇనుము పని చేసేవి. ట్రాక్టర్ పిన్నులు, మోటారు షాఫ్ట్‌లు తిప్పే చెయ్యి ఎంత నైపుణ్యం ఉన్నదైనా, ఇరవై తొమ్మిది అంగుళాల సన్నటి కర్ర దానికి వేరే రకం పని. మధ్యలో ఆనిక లేకపోతే కర్ర ఊగి అలలు అలలుగా కోత పడుతుంది, చక్ దవడలు నేరుగా బిగిస్తే చెక్క మీద నొక్కులు పడతాయి, మిషను మీది ఆయిల్ తగిలితే మరక లోపలికి దిగిపోతుంది. తప్పదు చేయించాలి అనుకుంటే దవడల మధ్య రబ్బరు గానీ తోలు గానీ వేయమని, ఒక్కసారిగా కాకుండా పొరపొరగా తీయమని ముందే చెప్పి, పక్కన నిలబడి చేయించుకోవాలి. రంధ్రం మాత్రం క్యూలు, అంటే ఈ స్టిక్‌లు, చేయడమే వృత్తిగా ఉన్నవాళ్ళకి తప్ప ఇంకెవరికీ ఇవ్వకూడదు.

అంతకంటే ముందు చూడాల్సింది ఫెర్రూల్. చాలా స్టిక్‌ల మీద అంగుళం పొడవు ప్లాస్టిక్ ఫెర్రూల్ ఉంటుంది. ప్లాస్టిక్, ముఖ్యంగా బరువైన రకాలు, అదే పరిమాణం మేపుల్‌కి రెట్టింపు దాకా బరువు ఉంటాయి, పైగా అది సరిగ్గా కొసన ఉంది, అంటే ప్రతి గ్రామూ ఎక్కువగా లెక్కకొచ్చే చోట. అంగుళం ఫెర్రూల్ తీసి తేలిక రకం పొట్టి ఫెర్రూల్ వేసుకుంటే ఒక గ్రామో కొంచెం ఎక్కువో తగ్గుతుంది. షాఫ్ట్ వ్యాసం అలాగే ఉంటుంది, బిగువు అలాగే ఉంటుంది. అరగదీయడంతో పోలిస్తే ఇది ఎంతో తెలివైన మొదటి అడుగు, అయినా దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఎందుకంటే ఫెర్రూల్ మార్చినట్టు బయటికి కనపడదు, షాఫ్ట్ సన్నబడితే కనపడుతుంది.

టిప్ సంగతి వేరు. టిప్ బరువు గ్రాము లోపే కాబట్టి డిఫ్లెక్షన్ మీద దాని ప్రభావం తక్కువ. కానీ దెబ్బ ఎలా అనిపిస్తుందో, మిస్క్యూ (టిప్ బాల్ మీద జారిపోవడం) ఎప్పుడవుతుందో నిర్ణయించేది అదే. 1800ల మొదట్లో ఫ్రాన్స్‌లో మింగో అనే ఆయన క్యూ కొసకి తోలు ముక్క పెట్టాక గానీ ఈ సైడ్, బ్యాక్ స్పిన్ అన్నవి నమ్మకంగా కొట్టడం కుదరలేదు. మెత్తటి టిప్ అయితే ఎక్కువ స్పిన్ అని అందరూ అంటారు. అది టిప్ మెత్తదనం వల్ల కంటే టిప్‌కి రాసే చాక్‌ని బాగా పట్టుకోవడం వల్ల, దాంతో ఆటగాడు ధైర్యంగా ఇంకా పక్కకి కొట్టడం వల్ల వచ్చే స్పిన్. బాల్ మధ్య నుంచి ఎంత పక్కన తగిలింది అన్నదే స్పిన్‌ని తేలుస్తుంది, అది బాల్ అర్ధవ్యాసంలో సగం, అంటే సుమారు 14 మిల్లీమీటర్లు దాటితే ఏ టిప్ అయినా జారుతుంది. ఇక ఆకారం. రూపాయి బిళ్ళని టిప్ పక్కన పెట్టి చూడండి, 2011 తర్వాత వచ్చిన సుమారు 22 మిల్లీమీటర్ల బిళ్ళ అయితే సరిపోతుంది. టిప్ గుండ్రదనం ఆ అంచుతో కలిస్తే పూల్‌కి బాగుంటుంది. టిప్ బల్లపరుపుగా అరిగిపోయి, పక్కలకి పుట్టగొడుగులా విచ్చుకుని ఉండగా షాఫ్ట్‌ని తిట్టేవాళ్ళు చాలామంది, అసలు ఇబ్బంది అక్కడే ఉంటుంది.

షాఫ్ట్ పొడవునా మందం మారే తీరు కూడా ఆటని మారుస్తుంది, దీన్ని టేపర్ అంటారు. పూల్ షాఫ్ట్‌లు చాలా వరకు కొస నుంచి పది, పన్నెండు అంగుళాల దాకా ఒకే మందంలో ఉండి ఆపైన లావవుతాయి, వంతెన చేతి వేళ్ళ మధ్య ముందుకీ వెనక్కీ ఒకేలా జారడానికి ఇది వీలు. స్నూకర్ క్యూ మాత్రం కొస నుంచి బట్ దాకా క్రమంగా లావవుతూనే ఉంటుంది, అందుకే దాని కొస తొమ్మిది, పది మిల్లీమీటర్లే ఉన్నా ఊగినట్టు అనిపించదు. పూల్ షాఫ్ట్ కొసని మాత్రమే సన్నం చేసి మిగతాది వదిలేస్తే, వేళ్ళలో జారేటప్పుడు లావుసన్నం చేతికి తగులుతుంది. ఆ తేడా మీకు ఇష్టమో కాదో ముందు ఒక స్నూకర్ క్యూతో పూల్ ఆడి తెలుసుకోవచ్చు. బ్రేక్ మాత్రం దాంతో కొట్టకండి, పూల్ బాల్ పెద్దది, 160 గ్రాముల పైన ఉంటుంది, సన్నటి ఫెర్రూల్ తట్టుకోలేకపోవచ్చు. నియమాల గురించి ఎవరైనా భయపెడితే, ప్రపంచ పూల్ సమాఖ్య లెక్కలో టిప్ 14 మిల్లీమీటర్లు దాటకూడదు, ఎంత సన్నగా ఉన్నా అభ్యంతరం లేదు.

మన ప్రాంతానికి సంబంధించి ఒక ముఖ్యమైన విషయం ఉంది. షాఫ్ట్ సన్నం చేయించాలని ఎన్నడూ అనుకోని వాళ్ళ షాఫ్ట్‌లు కూడా ఇక్కడ సన్నబడిపోతుంటాయి. మే నెలలో నెల్లూరు ఉక్క సంగతి చెప్పక్కర్లేదు, చెయ్యి చెమటకి షాఫ్ట్ జిగురుగా అవుతుంది, జారదు. వెంటనే జేబులోంచి ఉప్పు కాగితం ముక్క తీసి రెండు సార్లు అటూ ఇటూ రుద్దుతారు, హాయిగా జారుతుంది. రోజూ ఇదే. ఒక్కసారికి పోయేది కంటికి కనపడదు గానీ ఏడాదికి కాలిపర్ పెట్టి చూస్తే తెలుస్తుంది. అంటే ఆటగాడు తెలియకుండానే తన షాఫ్ట్‌ని మార్చేస్తున్నాడు, పైగా చెయ్యి ఎక్కువ తిరిగే చోట ఎక్కువ, ఫెర్రూల్ దగ్గర తక్కువ, అడ్డదిడ్డంగా. తడి పిండేసిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఆరబెట్టి, తోలు ముక్కతో వేడెక్కేదాకా రుద్దితే చాలు, చెక్క నున్నబడుతుంది, ఏమీ పోదు. అప్పటికీ జారకపోతే గ్లవ్ వేసుకోవడం నయం. కాగితం తప్పనిసరి అయితే 2000 నంబరు వాటర్ పేపర్, అది కూడా ఎప్పుడో ఒకసారి.

తేమ ఇంకో సంగతి. మేపుల్ చెక్క గాలిలో తేమని బట్టి ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. గాలిలో తేమ 65 శాతం ఉంటే చెక్కలో తేమ 12 శాతం దగ్గర నిలుస్తుంది, 80 శాతం అయితే 16కి చేరుతుంది. వడగాలులు వీచే మే మధ్యాహ్నానికీ, ఈశాన్య రుతుపవనాలతో మైపాడు నుంచి కొత్తపట్నం దాకా తీరమంతా తడిసి ముద్దయ్యే నవంబరుకీ అంతకంటే తేడా ఉంటుంది. ఆ నాలుగు శాతం తేమ పూర్తిగా చెక్కలోకి ఎక్కితే 13 మిల్లీమీటర్ల షాఫ్ట్ ఒకవైపు 0.17 మిల్లీమీటర్ల దాకా, దానికి అడ్డంగా అందులో సగమే ఉబ్బుతుంది. అంటే షాఫ్ట్ గుండ్రంగా కాకుండా కొంచెం కోడిగుడ్డు ఆకారంలోకి పోతుంది. అందుకే కొలిచేటప్పుడు ఒకే చోట రెండు దిక్కుల్లో కొలవాలి, కొలిచిన నెల కూడా రాసుకోవాలి. నవంబరులో "లావైంది" అని అరగదీస్తే మేలో అది అనుకున్నదాని కంటే సన్నగా ఉంటుంది.

అరగదీసిన షాఫ్ట్‌కి ఈ బెడద ఇంకా ఎక్కువ, ఎందుకంటే కంపెనీ వేసిన పైపూత పోయి పచ్చి చెక్క బయటపడుతుంది, తేమ నేరుగా లోపలికి పోతుంది. పూత పోయాక వంకర తిరిగిన షాఫ్ట్‌లు ఎన్నో. వంకర తిరుగుతుందా లేదా అన్నది చాలావరకు జీరల మీద ఆధారపడుతుంది. ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చెక్కేవాళ్ళ దగ్గర కాసేపు నిలబడితే అర్థమవుతుంది, చెక్క పట్టుకోగానే ముందు జీర ఎటు పోతోందో చూస్తారు, కాడ వెంట తిన్నగా పోతే ఒక రకం, ఏటవాలుగా బయటికి వచ్చేస్తే ఇంకో రకం. షాఫ్ట్‌కీ అదే చూపు కావాలి. వెలుతురులో పెట్టి తిప్పి చూడండి, జీరలు టిప్ నుంచి జాయింట్ దాకా తిన్నగా సాగితే సన్నం చేసినా నిలబడే అవకాశం ఎక్కువ. ఐదారు అంగుళాలకే పక్కకి జారి బయటికి వచ్చేస్తుంటే ఆ షాఫ్ట్‌ని ముట్టుకోకపోవడమే మంచిది, ఇప్పుడు నిటారుగా ఉందంటే ఆ మందం వల్లే.

ఇవన్నీ చూసుకుని, టిప్ సరిచేసి, ఫెర్రూల్ మార్చి, తీగ పరీక్షలో తేడా గమనించి, ఇంకా తగ్గాలి అనిపిస్తే అప్పుడు కర్ర జోలికి వెళ్ళొచ్చు. 13 నుంచి ఒకేసారి 12కి కాకుండా 12.5కి దిగి ఒక నెల ఆడండి. మొదటి వారం సైడ్ షాట్లు తప్పుతాయి, కంగారు పడొద్దు. పాత షాఫ్ట్‌కి కళ్ళు సర్దుకున్న కొలత ఇప్పుడు ఎక్కువైంది, బాల్ పోవాల్సిన దానికంటే సైడ్ పెట్టిన వైపుకి పోతుంది, చెయ్యి కొత్త కొలతకి రావడానికి టైం పడుతుంది. పని చేయించే రోజు ముసురు లేకుండా చూసుకుని, ఆ రోజే సీలర్ (తేమ లోపలికి పోకుండా ఆపే పూత) పూయండి. ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలోనో బండి మీదో వదిలేయకుండా, ఇంటికొచ్చాక గోడకి ఏటవాలుగా ఆనించకుండా, కేసులో పెట్టండి. నెల తర్వాత అదే టేబుల్ మీద, అదే గీత మీద, అదే పది షాట్లు కొట్టి పాత గుర్తుతో పోల్చుకుంటే ఆ అర మిల్లీమీటరు ఎంత పని చేసిందో అక్కడ కనపడుతుంది.